కీళ్లలో చేరిన టీ కణాల వంశాలు

వయసు మీదపడ్డాక మృదులాస్థి అరిగి మోకాళ్లు పట్టేసే జబ్బును, రుమటాయిడ్ కీళ్లవాతాన్ని జనం తరచు ఒకే గాటన కడతారు గాని, ఈ రెండింటి పుట్టుక పూర్తిగా వేరు. చేతివేళ్ల కణుపులు, మణికట్లు, పాదాల్లోని చిన్న కీళ్లు రెండు వైపులా ఒకే తీరున వాచి, తెల్లవారి లేవగానే గంటసేపయినా పిడికిలి బిగించనివ్వని రెండో వ్యాధిలో, సూక్ష్మజీవుల నుంచి శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ కీలు లోపలి పలుచని పొర మీదికే దాడికి దిగుతుంది. ఆ పొర ఉబ్బి మందమై, కాలం గడిచేకొద్దీ పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. ఢిల్లీ సమీపంలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో జరిపి 1993లో ప్రచురించిన సర్వే ప్రకారం పెద్దవారిలో సుమారు 0.75 శాతం మంది దీని బారిన పడినవారే. పురుషుల కంటే స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఈ దాడిలో పాలుపంచుకునే కణాలు అనేకం ఉన్నా, ఏది తనది, ఏది పరాయిది అని తేల్చే పని ప్రధానంగా టీ కణాలనే తెల్ల రక్తకణాల మీద పడుతుంది. ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో పరిణతి చెంది రక్తంలోకి వచ్చే ఈ కణాల ఉపరితలం మీద రెండు ప్రోటీను గొలుసులు జంటగా అమరిన నిర్మాణం ఒకటి ఉంటుంది. దానినే టీ కణ గ్రాహకం, అంటే టీ సెల్ రిసెప్టర్ అంటారు. ఒక కణం మీద ఇటువంటివి వేల సంఖ్యలో ఉన్నా అవన్నీ ఒకే అచ్చులోవి కాగా, పక్కనున్న మరో టీ కణం మీద గ్రాహకాల తీరు సాధారణంగా వేరుగా ఉంటుంది. కీళ్లవాతానికి కారకులుగా అనుమానించే టీ కణాలు ఏ ప్రోటీనునూ ఉన్నదున్నట్టుగా గుర్తించలేవు. శరీర కణాలు ప్రోటీన్లను చిన్న తునకలుగా కోసి, హెచ్‌ఎల్‌ఏ అనే మరో ప్రోటీను గాడిలో పొదిగి పైకి చూపుతాయి. పెప్టైడ్ అనబడే ఆ తునకనూ, దాన్ని పట్టి ఉంచిన హెచ్‌ఎల్‌ఏనూ కలిపి చూసినప్పుడే ఈ కణాల గ్రాహకం స్పందిస్తుంది. ఈ నియమాన్ని ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 1974లో బయటపెట్టిన పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ బహుమతి లభించింది. గ్రాహకపు జన్యువులు మాత్రం 1984లో గాని పరిశోధకుల చేతికి చిక్కలేదు.

జన్యువుల ప్రస్తావన వచ్చినప్పుడు కీళ్లవాతంలో ఎదురయ్యే పాత చిక్కుముడి ఒకటుంది. ఒకే పిండం నుంచి చీలి పుట్టిన కవలల జన్యుసంపద ఒకటే అయినా, వారిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటే రెండో వారిలోనూ కనిపించేది నూటికి 15 సందర్భాల్లో మాత్రమేనని బ్రిటన్‌లో జరిగిన కవలల అధ్యయనం తేల్చింది. మిగిలిన 85 సందర్భాలకు పొగతాగడం, అంటువ్యాధులు వంటి బయటి కారణాలను చూపడం పరిపాటి. అవి నిజమే అయినా అంతకంటే లోతైన తేడా మరొకటి ఉంది. కవలలు ఒకే జన్యువులతో పుట్టినా వారి టీ కణ గ్రాహకాల సముదాయం ఒకటి కాదు, ఎందుకంటే గ్రాహకం తల్లిదండ్రుల నుంచి తయారుగా వచ్చేది కాదు, ప్రతి టీ కణంలోనూ విడివిడిగా, చాలావరకు యాదృచ్ఛికంగా తయారయ్యేది.

ఆ తయారీ తీరు కొంచెం దగ్గరగా చూడదగ్గది. మనిషికి ఉన్న ప్రోటీను జన్యువులు సుమారు 20 వేలే గనుక, ఎదురుకాగల ప్రతి సూక్ష్మజీవికీ ఒక్కో జన్యువును కేటాయించడం ప్రకృతికి సాధ్యపడదు. అందుకు బదులుగా గ్రాహకపు జన్యువు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. బీటా గొలుసుకు ఏడవ క్రోమోజోము మీద వీ అనే ముక్కలు సుమారు 50, డీ ముక్కలు 2, జే ముక్కలు 13 ఉండగా, ఆల్ఫా గొలుసుకు పద్నాలుగవ క్రోమోజోము మీద వీ ముక్కలు 45 దాకా, జే ముక్కలు 50కి పైగా ఉంటాయి. థైమస్‌లో ఎదుగుతున్న కణంలో రాగ్1, రాగ్2 అనే రెండు ప్రోటీన్లు కలిసి ఒక్కొక్క వరుస నుంచి ఒక్కొక్క ముక్కను ఎంచి, నడుమనున్న డీఎన్ఏను కత్తిరించి పారేస్తాయి. ఇంతటితో ఆగితే లభించే కూర్పులు 30 లక్షలకు అటూ ఇటూగా ఉంటాయి. అసలు వైవిధ్యం అతుకు దగ్గర పుడుతుంది. తెగిన కొసలను కలిపే ముందు కొన్ని డీఎన్ఏ అక్షరాలు రాలిపోతాయి, టీడీటీ అనే ఎంజైము ఏ నమూనా లేకుండానే కొన్ని కొత్త అక్షరాలను చేరుస్తుంది, ఆపై అతుకు పడుతుంది. పెప్టైడ్‌ను నేరుగా తాకే భాగం సరిగ్గా ఈ అతుకు ఉన్న చోటే ఏర్పడుతుంది. దాన్ని సీడీఆర్3 అంటారు. పది పదిహేను అమైనో ఆమ్లాల పొడవు మాత్రమే ఉండే ఈ చిన్న వంపే ఒక టీ కణ వంశాన్ని మరొక దాని నుంచి వేరుచేసే గుర్తు. ఒక కణం విభజన చెంది సంతానాన్ని కంటే ఆ సంతానమంతా అదే సీడీఆర్3ను మోస్తుంది. ఇలా ఒకే కణం నుంచి వచ్చిన వంశాన్ని క్లోన్ అంటారు.

సిద్ధాంతరీత్యా ఈ పద్ధతిలో తయారుకాగల గ్రాహకాల సంఖ్య 1 పక్కన 15 సున్నాలు పెట్టినా చాలనంతటిది. మనిషి శరీరంలోని మొత్తం టీ కణాలు సుమారు 40 వేల కోట్లు గనుక, సాధ్యమైన గ్రాహకాల్లో అతి స్వల్ప భాగమే ఏ ఒక్కరిలోనైనా నిజంగా ఉంటుంది. ఆ స్వల్ప భాగం ఎంత అన్నది తేల్చడం అనుకున్నంత తేలిక కాదు. 1999లో పారిస్‌లోని పరిశోధకులు రక్తంలో సుమారు పది లక్షల రకాల బీటా గొలుసులు ఉన్నాయనీ, ఒక్కొక్కటి సగటున కనీసం 25 ఆల్ఫా గొలుసులతో జతకడుతోందనీ లెక్కగట్టి, కనీసం రెండున్నర కోట్ల రకాల గ్రాహకాలు ఉన్నట్టు ప్రకటించారు. జన్యుక్రమాన్ని లక్షల సంఖ్యలో ఒకేసారి చదవగల యంత్రాలు వచ్చిన తరువాత, 2014లో మరో బృందం యువకుల్లో బీటా గొలుసుల రకాలే పది కోట్ల దాకా ఉంటాయని అంచనా వేసింది.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునంటారు గాని, కుండలోని ప్రతి మెతుకూ వేరువేరు రకమైనప్పుడు ఆ పద్ధతి పనికిరాదు. పది మిల్లీలీటర్ల రక్తంలో దొరికే టీ కణాలు కోటి పైచిలుకు మాత్రమే, పైగా శరీరంలోని లింఫోసైట్లలో ఏ క్షణాన చూసినా రక్తంలో ఉండేవి నూటికి రెండు వంతులే. చూడని రకాల సంఖ్యను చూసినవాటి నుంచి ఊహించే ఈ సమస్యను జీవావరణ శాస్త్రజ్ఞులు ముందే ఎదుర్కొన్నారు. మలయా సీతాకోకచిలుకల లెక్క నుంచి దానికో గణిత మార్గాన్ని 1943లో చూపినవారిలో ప్రసిద్ధ గణాంకవేత్త ఆర్. ఎ. ఫిషర్ ఒకరు. ఆయన శిష్యుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1982లో వైవిధ్యానికి మరో కొలమానాన్ని ప్రతిపాదించారు. ఎన్ని రకాలు ఉన్నాయి, ఒక్కో రకం ఎంత ఉంది అన్నవాటితో సరిపెట్టకుండా, ఆ రకాల మధ్య ఎడం ఎంత అన్నదాన్ని కూడా ఆ కొలత లెక్కలోకి తీసుకుంటుంది. టీ కణాల విషయంలో ఈ మూడో అంశానికి ప్రత్యేకమైన విలువ ఉంది. ఒక్క అమైనో ఆమ్లం తేడాతో ఒకే పెప్టైడ్‌ను గుర్తించే రెండు గ్రాహకాలను వేరు రకాలుగా లెక్కించడం కాగితం మీద వైవిధ్యాన్ని పెంచుతుంది గాని, శరీరానికి కొత్త రక్షణను ఇవ్వదు.

యాదృచ్ఛికంగా తయారైన గ్రాహకాల్లో శరీరాన్నే శత్రువుగా చూసేవి కూడా తప్పనిసరిగా ఉంటాయి. వాటిని ఏరివేయడం థైమస్ పని. అక్కడ ఎదిగే ప్రతి కణానికీ థైమస్‌లోని ఇతర కణాలు శరీరపు సొంత పెప్టైడ్‌లను హెచ్‌ఎల్‌ఏలో పెట్టి చూపుతాయి. వాటిని ఏమాత్రం గుర్తించలేని కణం పనికిరానిదై చనిపోతుంది, మరీ గట్టిగా పట్టుకునేది ప్రమాదకరమని చంపబడుతుంది. స్వల్పంగా గుర్తించేదే బతికి బయటపడుతుంది. ఇన్సులిన్ వంటి ఇతర అవయవాల ప్రోటీన్లను సైతం థైమస్‌లోనే తయారుచేయించి చూపే ఏర్పాటు ఎయిర్ అనే జన్యువు చేతిలో ఉంటుంది. అది పుట్టుకతో చెడినవారిలో ఒకేసారి పలు గ్రంథుల మీద దాడి జరగడమే ఈ ఏరివేత ఎంత ముఖ్యమో చూపుతుంది. నూటికి తొంభై అయిదుకు పైగా కణాలు ఈ పరీక్షల్లో రాలిపోయినా వడపోత సంపూర్ణం కాదు. స్వల్పంగా గుర్తించడమే బతికేందుకు అర్హత అయినప్పుడు, ఆరోగ్యవంతుల రక్తంలో సైతం శరీరాన్ని గుర్తించగల టీ కణాలు తిరుగుతూ ఉండటంలో వింత లేదు. దానికి తోడు ఒక్కో గ్రాహకం ఒక్క పెప్టైడ్‌కే కట్టుబడి ఉండదు. టైప్ 1 మధుమేహ రోగి నుంచి తీసిన ఒకే టీ కణ వంశం పది లక్షలకు పైగా వేర్వేరు పెప్టైడ్‌లకు స్పందించగలదని బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు 2012లో చూపారు. సూక్ష్మజీవి తునకకు మేల్కొన్న కణం, దాన్ని పోలిన సొంత ప్రోటీను వైపు తిరగగల వీలు ఈ ఉదార స్వభావంలోనే ఉంది.

ఈ నేపథ్యంలో 1998లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కార్నీలియా వెయాండ్, యోర్గ్ గోరోంజీల బృందం వెలువరించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఆరోగ్యవంతుల రక్తంలో ఒక్కో బీటా గొలుసు సాధారణంగా రెండు కోట్ల పైచిలుకు సహాయక టీ కణాల్లో ఒక్కదానికి మించి కనిపించనంత అరుదుగా ఉండగా, కీళ్లవాత రోగుల్లో అదే పది రెట్లు తరచుగా కనిపించింది. రకాలు తగ్గి, ఉన్న రకాలే ఎక్కువ చోటు ఆక్రమించాయన్నమాట. వాచిన కీలు దగ్గర కొన్ని వంశాలు పెరిగి ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు గాని, ఇంకా ఏ సూక్ష్మజీవినీ చూడని కొత్త టీ కణాల్లో సైతం వైవిధ్యం కుంచించుకుపోయి ఉండటం మాత్రం ఎవరూ ఎదురుచూడని విషయం. రెండేళ్ల తరువాత అదే బృందం థైమస్ నుంచి కొత్తగా బయటికొచ్చిన కణాల ఆనవాళ్లను కొలిచి, రోగుల రోగనిరోధక వ్యవస్థ వారి వయసు కంటే సుమారు రెండు దశాబ్దాలు ముందే ముదిరినట్టు ఉందని చూపింది.

దీనికి ఇచ్చే వివరణ ఇలా ఉంటుంది. యౌవనం దాటాక ఎవరిలోనైనా థైమస్ కుంచించుకుపోయి దాని స్థానంలో కొవ్వు పేరుకుంటుంది. కొత్త కణాల రాక తగ్గినా మొత్తం సంఖ్య పడిపోకుండా చూసేందుకు, ఉన్న కణాలే విభజన చెందుతాయి. ఆ విభజనకు కావలసిన ప్రేరణ సొంత పెప్టైడ్‌ల నుంచే రావలసి ఉండటంతో, శరీరాన్ని కాస్త గట్టిగా గుర్తించే కణాలకే పోటీలో మొగ్గు లభిస్తుంది. కీళ్లవాత రోగుల్లో ఈ క్రమం తొందరగా నడిచి, సీడీ28 అనే సహాయక అణువును కోల్పోయిన, సులభంగా చావని, మంటను రేపే కణాల వంశాలు పెద్ద సంఖ్యలో పోగుపడతాయి. ఈ కణాలు రక్తనాళాల గోడలకు కూడా హాని చేస్తాయన్న ఆధారాలు ఉన్నందున, కీళ్లవాత రోగుల్లో గుండెజబ్బులు ఎక్కువగా ఉండటంలో వీటి పాత్రను వైద్యులు గట్టిగానే అనుమానిస్తారు.

అయితే వైవిధ్యం తగ్గిందన్న ప్రతి నివేదికనూ ఒకే బరువుతో తూచడం సరికాదు. వయసు ఒక్కటే వైవిధ్యాన్ని కొన్ని రెట్లు తగ్గించగలదు. లక్షణాలేవీ లేకుండా జీవితాంతం శరీరంలో ఉండిపోయే సైటోమెగాలో వైరస్ కూడా సీడీ28 లేని వంశాలను పెంచుతుంది. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ వాడుతున్న రోగినీ ఏ మందూ వాడని ఆరోగ్యవంతుణ్ణీ పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు కనిపించే తేడాలో వ్యాధి వాటా ఎంతో, మందు వాటా ఎంతో విడదీయకుండా వెలువడిన వ్యాసాలు తక్కువేమీ కాదు. రక్తంలోని వైవిధ్యపు అంకె ఒక్కదాన్ని పట్టుకుని వ్యాధి నిర్ధారణ చేయవచ్చన్న ప్రచారాన్ని ఈ కారణంగానే అనుమానంతో చూడవలసి వస్తుంది.

అంకెల కంటే గట్టి ఆధారం జన్యువుల వైపు నుంచి వచ్చింది. హెచ్‌ఎల్‌ఏ డీఆర్4 రకం ఉన్నవారిలో కీళ్లవాతం ఎక్కువని 1970లలోనే తెలిసింది. 1987లో పీటర్ గ్రెగర్సన్, జాక్ సిల్వర్, రాబర్ట్ వించెస్టర్‌లు వ్యాధికి దారితీసే వేర్వేరు డీఆర్ రకాలన్నింటిలోనూ 70 నుంచి 74 వరకు స్థానాల్లో ఉన్న అయిదు అమైనో ఆమ్లాల వరుస దాదాపు ఒకే రీతిలో ఉందని గమనించి, దానికి ఉమ్మడి ఎపిటోప్ అని పేరుపెట్టారు. ఐరోపా సంతతి వారిలో 04:01 రకం ఎక్కువగా కనిపిస్తే, భారతీయ రోగుల్లో తరచు కనిపించే 10:01 రకం కూడా ఈ కుటుంబంలోదే. ఈ వరుస ఏం చేస్తోందన్నది మాత్రం చాలా ఏళ్ల పాటు అర్థం కాలేదు. పెప్టైడ్‌ను పట్టే గాడిలో ఒక చిన్న గుంటకు గోడగా నిలిచే 71వ స్థానంలో లైసిన్ గాని ఆర్జినిన్ గాని ఉండటం వల్ల అక్కడ ధనావేశం ఉంటుంది. పెప్టైడ్‌లోని ఆర్జినిన్‌కూ ధనావేశమే ఉన్నందున అది ఆ గుంటలో కుదురుకోలేదు. పీఏడీ అనే ఎంజైములు ఆర్జినిన్‌ను ఆవేశం లేని సిట్రులిన్‌గా మార్చినప్పుడు వికర్షణ తొలగిపోయి, అంతవరకూ చోటు దొరకని తునక గాడిలో చక్కగా ఇముడుతుంది. ఈ అమరికను 2013లో స్ఫటిక నిర్మాణాల ద్వారా కళ్లకు కట్టినట్టు చూపారు. రోగులు ప్రయోగశాలలో చేయించుకునే యాంటీ సీసీపీ పరీక్ష సరిగ్గా ఈ సిట్రులిన్ ప్రోటీన్ల మీద తయారైన యాంటీబాడీల కోసమే. కీళ్లు వాయడానికి కొన్నేళ్ల ముందే అవి రక్తంలో కనిపిస్తాయి. పొగతాగేవారి ఊపిరితిత్తుల్లోనూ, చిగుళ్ల జబ్బు ఉన్నచోటా ఆర్జినిన్ ఇలా మారడం ఎక్కువ గనుక, వ్యాధికి బీజం కీలుకు దూరంగా పడుతోందన్న అభిప్రాయం నానాటికీ బలపడుతోంది.

ఈ హెచ్‌ఎల్‌ఏ రకాలు పెప్టైడ్‌ను చూపించడంతోనే ఆగిపోతున్నాయా, లేక అంతకు ముందే థైమస్‌లో ఎటువంటి గ్రాహకాలు బతికి బయటపడాలో కూడా నిర్ణయిస్తున్నాయా అన్న ప్రశ్నకు 2022లో వెలువడిన ఒక పరిశోధన సమాధానం చెప్పింది. కజుయోషి ఇషిగాకి, సౌమ్య రాయచౌధురి ప్రభృతులు పలువురి సీడీఆర్3 వరుసలను వారి హెచ్‌ఎల్‌ఏ రకాలతో జోడించి చూడగా, డీఆర్‌బీ1 అనే హెచ్‌ఎల్‌ఏ ప్రోటీనులో 13వ స్థానంలో ఉన్న అమైనో ఆమ్లానికీ సీడీఆర్3 కూర్పుకూ అన్నిటికంటే బలమైన సంబంధం కనిపించింది. ఆ స్థానం కీళ్లవాతంతో పాటు మరికొన్ని స్వయంప్రతిరక్షక వ్యాధుల ముప్పును నిర్ణయించేదని ముందే తెలుసు. ముప్పు పెంచే హెచ్‌ఎల్‌ఏ రకాలు ప్రోత్సహించే సీడీఆర్3 లక్షణాలు, సిట్రులిన్ పెప్టైడ్‌లను గుర్తించే రోగుల టీ కణాల్లో ఎక్కువగా ఉన్నట్టు కూడా తేలింది. గ్రాహకాల తయారీ యాదృచ్ఛికమే అయినా, ఏరివేతలో మొగ్గు పుట్టుకతోనే ఉంటుందన్నమాట.

ఏరివేతలో చిన్న తేడా ఎంత దూరం తీసుకువెళ్తుందో జపాన్‌లో షిమోన్ సకగుచి బృందం 2003లో వర్ణించిన ఎస్‌కేజీ ఎలుకలు చూపుతాయి. నియంత్రక టీ కణాలను కనుగొన్నందుకు మేరీ బ్రన్కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిసి 2025 నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ఆయనే. ఈ ఎలుకల్లో గ్రాహకం నుంచి కణం లోపలికి సంకేతాన్ని చేరవేసే జాప్70 అనే ప్రోటీనులో ఒక్క మార్పు ఉంటుంది. దానివల్ల సంకేతం మందగిస్తుంది. గట్టిగా గుర్తించినందుకు చావవలసిన కణానికి అందే సంకేతం స్వల్పంగా గుర్తించినట్టు ఉండటంతో, అది ఏరివేత నుంచి తప్పించుకుని రక్తంలోకి వస్తుంది. ఆపై ఎలుకకు కీళ్లవాతం వస్తుంది. సంకేతం మందగిస్తే వ్యాధి తగ్గాలి గాని పెరగడమేమిటన్న సందేహానికి సమాధానం థైమస్‌లోనే ఉంది. ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. సూక్ష్మజీవులు సోకకుండా అతి శుభ్రంగా ఉంచిన గదుల్లో ఇవే ఎలుకలకు కీళ్లు వాయవు, శిలీంధ్రాల కణకవచంలోని పదార్థాన్ని ఇచ్చినప్పుడు మాత్రం వాస్తాయి.

మనుషుల కీళ్ల లోపలి పొరను సూదితో తీసి చూసినప్పుడు కనిపించే చిత్రం మరింత క్లిష్టంగా ఉంటుంది. వ్యాధి తొలిదశలో ఉన్న రోగుల్లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2012లో జరిపిన అధ్యయనంలో, వాచిన పొరలోని టీ కణాల్లో అధిక భాగం బాగా పెరిగిన కొద్ది వంశాలదే అయింది. ఒక రోగి రెండు వేర్వేరు కీళ్లలోనూ అవే వంశాలు కనిపించాయి, అదే రోగి రక్తంలో మాత్రం అవి అంత ప్రముఖంగా లేవు. వ్యాధి ముదిరినవారిలో ఈ ఆధిపత్యం తగ్గి పలు వంశాలు కలగలిసిపోయాయి. 2017లో దీపక్ రావు బృందం కీళ్ల పొరలో బీ కణాలకు తోడ్పడి యాంటీబాడీల తయారీని ఎగదోసే ప్రత్యేక సహాయక టీ కణాలను గుర్తించి, వాటికి పెరిఫెరల్ హెల్పర్ కణాలని పేరుపెట్టడంతో, ఈ వంశాలు అక్కడ చేస్తున్న పనిపై కూడా స్పష్టత పెరిగింది.

అయినా ఒక రోగిలో ప్రబలిన వంశం మరో రోగిలో దాదాపుగా కనిపించదు. ఈ నిజాన్ని గుర్తించకముందే 1990లలో ఒక ఉత్సాహం బయలుదేరింది. రోగుల కీళ్లలో వీబీటా3, 14, 17 కుటుంబాలకు చెందిన గ్రాహకాలు ఎక్కువగా ఉన్నాయని భావించి, ఆ గ్రాహకపు తునకలతోనే టీకా తయారుచేసి రోగులకు ఇచ్చి చూశారు. 1998లో ఫలితాలు వెలువడిన ఆ టీకా చికిత్సగా నిలదొక్కుకోలేదు. ఒక్కో వీ కుటుంబంలో లక్షలాది వేర్వేరు సీడీఆర్3లు ఉంటాయి గనుక, దోషి ఇంటిపేరు తెలిసినంత మాత్రాన దోషి తెలిసినట్టు కాదని ఆనాడు ఎవరూ తీవ్రంగా ఆలోచించినట్టు లేదు.

ఒక వీ కుటుంబాన్ని గురిపెట్టే ఇదే ఆలోచన మరో వ్యాధిలో ఫలించడం గమనించదగ్గది. వెన్నెముక కీళ్లు బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ రోగుల్లో అత్యధికులకు హెచ్‌ఎల్‌ఏ బీ27 ఉంటుంది. సంబంధం లేని వేర్వేరు రోగుల్లో వీబీటా9 కుటుంబానికి చెందిన, ఒకదాన్నొకటి పోలిన సీడీఆర్3 గల గ్రాహకాలు మళ్లీ మళ్లీ దొరికాయి. అవి ఒక బ్యాక్టీరియా పెప్టైడ్‌నూ, మనిషి సొంత పెప్టైడ్‌లు కొన్నింటినీ ఒకేలా గుర్తిస్తున్నాయని 2022లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఈ కుటుంబపు టీ కణాలను మాత్రమే తొలగించే సెనిప్రుటుగ్ అనే యాంటీబాడీకి 2024లో రష్యా అనుమతి ఇచ్చింది.

గోధుమలోని గ్లూటెన్ పడక పేగుల పొర దెబ్బతినే సీలియాక్ వ్యాధిలో ఈ పునరావృతం ఇంకా స్పష్టంగా ఉంటుంది. నూటికి తొంభై మంది రోగులకు హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 ఉంటుంది. గ్లూటెన్‌ను గుర్తించే గ్రాహకాల్లో ఒకే వీ ముక్క, సీడీఆర్3లో ఒకే స్థానంలో, పుట్టుకతో వచ్చిన జన్యువులో లేని ఒక ఆర్జినిన్, వేర్వేరు మనుషుల్లో విడివిడిగా తయారై కనిపిస్తాయి. ఆ వంశాలు గోధుమ మానేసిన తరువాత కూడా దశాబ్దాల పాటు పేగులో ఉండిపోతాయని నార్వే పరిశోధకులు చూపారు. భారతదేశంలో 2016లో ప్రచురితమైన సర్వేలో సీలియాక్ వ్యాధి ఉత్తరాన 1.23 శాతం, దక్షిణాన 0.10 శాతం మందిలో కనిపించింది. ముప్పు తెచ్చే హెచ్‌ఎల్‌ఏ ఉన్నవారి వాటా మాత్రం రెండుచోట్లా మూడోవంతుకు కాస్త పైగా, దాదాపు సమానంగానే ఉంది. గోధుమ వాడకంలో మాత్రం తేడా విపరీతం. తగిన గ్రాహకం తయారుకాగల వీలు ఉండటం, దాన్ని మేల్కొల్పే పెప్టైడ్ రోజూ కంచంలో ఉండటం వేర్వేరు విషయాలని ఇంతకంటే తేటగా చూపే ఉదాహరణ అరుదు. కీళ్లవాతంలో గ్లూటెన్ వంటి ఏకైక కారకం లేదు. విమెంటిన్, ఫైబ్రినోజెన్, ఎనొలేజ్ వంటి పలు ప్రోటీన్లు సిట్రులిన్ రూపంలో ఎదురవుతాయి గనుక, రోగి రోగికీ దాడి చేసే వంశాలు మారిపోవడం సహజమే.

ఈ కారణం చేతనే కీళ్లవాతానికి నేడు ఇచ్చే మందుల్లో ఏదీ గ్రాహకాన్ని చూసి ఎంచుకునేది కాదు. చికిత్సకు వెన్నెముకగా నిలిచిన మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఫోలిక్ ఆమ్ల వ్యతిరేకుల కుటుంబంలోది. క్యాన్సర్ కోసం పుట్టిన ఆ మందుకు, ఆయన 1948లో కన్నుమూసిన నలభై ఏళ్లకు, 1988లో కీళ్లవాతంలో వాడకానికి అమెరికా అనుమతి లభించింది. దుష్ప్రభావాలు తగ్గించేందుకు దానితో పాటు వైద్యులు రాసే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది కూడా ఆ ప్రయోగశాలే. వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన ఈ మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది గనుక, చీటీలో రాసిన వారాన్ని ఒకటికి రెండుసార్లు చూసుకోవడం అవసరం.

టీ కణాలకు ఇంకొంచెం దగ్గరగా పనిచేసేది 2005లో అనుమతి పొందిన అబాటాసెప్ట్. గ్రాహకం పెప్టైడ్‌ను గుర్తించినా, సీడీ28 ద్వారా రెండో సంకేతం అందకపోతే టీ కణం పూర్తిగా మేల్కోదు. ఆ రెండో సంకేతాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. యాంటీబాడీలు కనిపించి కీళ్లనొప్పులు మొదలైనా ఇంకా వాపు రానివారికి దీన్ని ఏడాది పాటు ముందుగానే ఇచ్చి చూసిన ఒక పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. మందు వాడుతున్న ఏడాదిలో వ్యాధి బయటపడింది ఆ మందు తీసుకున్నవారిలో 6 శాతం మందికే కాగా, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 29 శాతం మందికి వచ్చింది. మందు ఆపిన తరువాత మరో ఏడాది గడిచేసరికి ఈ అంకెలు 25, 37గా మారాయి. మందు వంశాలను నిద్రపుచ్చిందే గాని తుడిచిపెట్టలేదన్నది దీనికి చెప్పగల సూటి అర్థం. సిట్రులిన్‌ను గుర్తించే ఆ సీడీఆర్3లను ఒక్కో రోగిలో విడిగా పట్టి తొలగించే మార్గం కోసం, ఒకే కణంలోని ఆల్ఫా, బీటా గొలుసులను జంటగా చదివే పద్ధతులతో కీళ్ల పొరను శోధించే పని ఇప్పుడు పలు ప్రయోగశాలల్లో సాగుతోంది.